అవ్వ కంటికి ఒక కృష్ణకమలం

ఆత్మకూరులో మా అవ్వకి ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది. కట్టు విప్పారు, డాక్టరు బాగుందన్నాడు, ఆమె మాత్రం నమ్మదే! "కృష్ణకమలం నడిమిలో ఆ ముగ్గురు కనపడితేనే రెండో కన్ను చేయించుకుంటా" అని భీష్మించుకు కూర్చుంది. ఆ పువ్వు చుట్టూ సన్నటి పోగులు కౌరవులనీ, లోపలి ఐదూ పాండవులనీ, వాటి మీది మూడూ త్రిమూర్తులనీ చిన్నప్పుడు మాకు చూపించింది ఆమే. ఉదయగిరిలో ఆమె చెల్లెలు, మా చిన్నవ్వ పెరట్లో ఆ తీగ ఉంది. అవ్వను దుమ్ములో తిప్పకూడదు. అందుకని చిన్నవాటిని పెద్దగా చూపే, సెల్‌ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు పట్టుకుని నేనే బయలుదేరాను.

ఆరింటికి బస్సెక్కితే దుత్తలూరు మీదుగా సుమారు రెండు గంటలు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు, సీటుకు మాత్రం గ్యారంటీ లేదు. బస్టాండు నుంచి ఆటోకి ఇరవై రూపాయలు. "ఏంది మేడం, అందరూ కోటకొస్తారు, మీరు పూలకొచ్చినారా?" అని డ్రైవరు నవ్వాడు.

తీరా పెరట్లోకి పోతే తీగ నిండా ఆకులే. ఒక్క పువ్వూ లేదు.

"పొద్దున్నే కోసి దేవుడికి పెట్టేసినా గదమ్మా," అంది చిన్నవ్వ.

పూజగదిలోకి పరుగెత్తాను. ప్రతి పువ్వు నడిమినా కుంకుమ బొట్టు! సరిగ్గా ఆ ముగ్గురి మీదే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏందే ఆ మొఖం? చెట్టును బోడిగా వదులుతారా ఎవరన్నా? ఒకటి ఉంచినా, గోడ పక్కన చూడు."

హమ్మయ్య! గాలికి ఊగకుండా చిన్నవ్వ తొడిమ పట్టుకుంది, ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టింది. ఊపిరి బిగబట్టి ఫొటోలు తీస్తూ పోతే చివరికి ఒకటి కుదిరింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఫోను అవ్వ చేతికిచ్చాను. ఆపరేషను కాని కన్నును అరచేత్తో మూసుకుని చూసింది. తర్వాత ఫొటో అంచున వేలు పెట్టింది.

"ముగ్గురూ ఉండారులే. ఇదేంది, మా చెల్లెలి వేలు గదా! చిన్నప్పుడు కత్తిపీటకు తెగిన గాటు గూడా ఉండాది."

ఇన్నేళ్లలో ఆ గాటు నేనెప్పుడూ చూడలేదు.

పూల ఫొటోలు చాలా తీశాను గానీ, ఇంత ఊరట ఏదీ ఇవ్వలేదు. ఎవరి పెరటికైనా వెళ్లేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి, పొద్దున పూలు కోయొద్దని చెప్పండి. నేను మాత్రం ఇప్పుడు కంటి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. రెండో కన్ను ఎప్పుడని అవ్వ ఒకటే సతాయిస్తోంది.