సర్దుబాటుగారి చిన్న కంప్యూటర్

ఇళ్లు మార్చిపెట్టే కంపెనీలో సూపర్‌వైజర్‌గా ఉన్న ఆయన్ని అందరూ సర్దుబాటుగారు అనేవారు. మూడు గదుల సామాను చిన్న లారీలో ఇరికించి, ఆ పైన సైకిలుకు కూడా చోటు చూపించగల ఘనుడు. లోకంలో పట్టని వస్తువంటూ లేదనీ, పెట్టడం చేతకాని మనుషులే ఉన్నారనీ ఆయన సిద్ధాంతం. ఇంట్లో ఆయన సర్దిన అలమారా తలుపు తీసినప్పుడల్లా ఏదో ఒకటి పడేది భార్య నెత్తినే కాబట్టి, ఆవిడకు ఆ సిద్ధాంతం మీద అంత గురి లేదు.

ఆవిడ ఇంటిపట్టునే ఉండి, అమ్మకానికి పెట్టిన ఇళ్ల వీడియోలకు మెరుగులు దిద్దేది. పాత కంప్యూటర్ ఒక వీడియో పూర్తిచేసేలోపు ఆ ఇల్లు కాస్తా అమ్ముడుపోయేది.

"కొత్తది కావాలండీ. భోజనాల బల్ల మీద ఓ మూల పట్టాలి, పని మాత్రం చకచకా అవ్వాలి" అంది.

"అది నాకొదిలెయ్" అన్నాడాయన. ఆవిడ ఓసారి అలమారా వైపు చూసింది.

ఇక ఆ ఇంట్లో పొద్దస్తమానం వీడియోల్లోని నిపుణులదే రాజ్యం. ఒకడు మెచ్చిన ప్రాసెసర్‌ని ఇంకొకడు తిట్టేవాడు. ఈయన ఇద్దరికీ తలూపేవాడు. చివరికి విడిభాగాలు కొని తానే బిగిద్దామని రొట్టెల డబ్బా అంత పెట్టె ఎంచుకుని, అందులోకి బజారులో ఉన్నవాటిలోకెల్లా పొడవైన, వీడియోల పని అన్నిటికన్నా వేగంగా చేసే గ్రాఫిక్స్ కార్డు తెప్పించాడు.

"బావా, ఆ కార్డు ఇందులో పట్టదేమో" అన్నాడు చూడవచ్చిన బావమరిది.

"నువ్వెప్పుడైనా లారీ సర్దావా?"

"లేదు."

"మరింకేం?"

బావమరిది తెచ్చిన కొలతల టేపు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆదివారం సర్దుబాటుగారు బల్ల ముందు కూర్చున్నాడు. బోర్డు కూర్చుంది, ప్రాసెసర్ కూర్చుంది. కార్డు మాత్రం రెండు వేళ్ల మేర బయటికే నిలిచింది. గుమ్మంలోంచి సోఫా దాటించినట్టు ఏటవాలుగా తోశాడు, తలకిందులు చేశాడు, ఊపిరి బిగబట్టి కూడా చూశాడు. ఆయన ఊపిరి బిగబడితే కార్డు సన్నబడలేదు.

"పెట్టె చేసినవాడికి బుర్ర లేదు" అని తేల్చేసి రంపం తేవడానికి లేచాడు.

ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసింది. "కోస్తే కోసింది మళ్లీ అతుక్కోదు. ఇది వాపసిచ్చి పొట్టి కార్డు తెచ్చుకుందాం. కాస్త నెమ్మదైతే అయింది."

ఆయన ముఖం మాడిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క సామాను కూడా రోడ్డు మీద వదలని మనిషాయె. ఆ పూట అన్నం దగ్గర పప్పు వెయ్యమని కూడా అడగలేదు.

పొట్టి కార్డు వచ్చాక ఆవిడ బతిమాలితే గాని పెట్టె ముట్టుకోలేదు. ముట్టుకున్నాక మాత్రం అసలు మనిషి బయటపడ్డాడు. వేలు దూరని సందుల్లో ప్రతి తీగనూ వంచి, మడిచి, గాలి ఆడేలా పరిచాడు. లోపల జడ అల్లినట్టుంది. మళ్లీ చూడవచ్చిన బావమరిది ఫోటో తీసుకున్నాడు. ఆవిడ వీడియో టీ తాగేలోపే తయారైంది.

"చాలా బాగా చేశారు" అంది. ఆ మాటలో ఈసారి వెటకారం లేదు. ఆయన నమ్మలేక ఆవిడ ముఖంలోకి రెండుసార్లు చూశాడు.

మర్నాటి నుంచి కంపెనీలో ఎవరడిగినా, అడక్కపోయినా, పొట్టి కార్డే మేలని తాను ముందునుంచీ మొత్తుకున్నానని చెబుతున్నాడు. సంగతి ఆవిడ చెవిన పడింది. ఖండించలేదు. చేతినిండా పని ఉంది మరి.