పూజలో పెట్టిన జరీ

మొన్న తాత చీరల పెట్టె తెరిస్తే ఎండిన వేపాకు, కలరా ఉండల వాసనతోపాటు చిలుము పట్టిన రాగి చెంబులాంటి వాసన కూడా ముక్కుకు తగిలింది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ముసలితనానికి ముందుగానే దాచుకోవాలని టీవీలో కోటు వేసుకున్న పెద్దమనుషులు బుద్ధులు చెప్పినప్పుడల్లా ఇలాగే మండుతుంది. మా తాత దాచుకోలేదా?

ఎనభైల్లో గద్వాలలో మా ఇల్లంటే ముందరి అర్రలో ఉన్న గుంట మగ్గం, దాని చప్పుడే. జొన్నరొట్టె, పుంటికూర తిని తాత గుంటలోకి కాళ్ళు దింపితే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. గడప మీద గచ్చకాయలాడుతూ మేం ఆడపిల్లలం కొట్లాడుకుంటే మగ్గం ఆపకుండానే తీర్పు చెప్పేవాడు. పట్టు, జరీ సావుకారువి, నేసిన చీర సావుకారుది, చేతికొచ్చేది నేసినందుకు మజూరి ఒక్కటే. కళ్ళు ఆనకపోతే అదీ లేదు. అందుకే తాత ఏడాది పొడుగునా మజూరిలో కొంత వదులుకుని, దానికి బదులు దసరాకు పట్టు, జరీ తీసుకునేవాడు. గిరాకీ లేని వానాకాలంలో వాటితో తనకోసం ఒక చీర నేసి, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచేవాడు. అసలు జరీలో వెండి ఉంటుంది, చీర ఎంత పాతదైనా ఆ వెండికి ధర పలుకుతుంది.

"కాళ్ళు గుంటల దిగనంటె గప్పుడు గివి అమ్ముకుంట బతుకుత. కొడుకుల ముంగట చెయ్యి చాప," అనేవాడు. ఏటా మల్దకల్ జాతరకు పొద్దున పోయి సాయంత్రానికి మగ్గం మీదికి వచ్చే మనిషి, ఆ రోజు వచ్చాక జాతర అయిపోయేదాకా అక్కడే ఉంటానని మురిసిపోయేవాడు.

దసరా వస్తే ఇల్లంతా సజ్జ మలీద, బెల్లం, నెయ్యి వాసన, బతుకమ్మలో మిగిలిన తంగేడు పూలు. సావుకారు తన చేత్తో జరీ కండెలను తమలపాకుల మీద పెట్టి ఇచ్చేవాడు. తాత వాటిని మగ్గం ముందర పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి మొక్కేవాడు. మిగతా రోజుల్లో తాత దుకాణం జరీని రాయి మీద గీసి, పోగు కాల్చి, వెండి ఉందని చూసుకోనిదే మగ్గానికి ఎక్కించేవాడు కాదు. పూజలో పెట్టిన జరీకి మాత్రం మా ఇళ్ళలో నిప్పు చూపించరు, రాయి తగిలించరు. అది సావుకారుకు తెలుసు. తెలిసే దసరా నాడు ఇచ్చాడు, దొంగ!

నేను పెద్ద బడికి పోయే నాటికి తాత కళ్ళకు మసక కమ్మింది. పాత జరీ కొనే మనిషిని పిలిపించి, నవ్వుతూ పెట్టె తెరిచాడు. ఆ మనిషి అంచు గీశాడు. రాయి మీద ఎర్రటి గీత పడింది. ఇంకో చీర, ఇంకో చీర, అన్నీ అంతే.

"తాతా, గిదంత రాగి. ఎండి లేదు," అన్నాడు.

తాత సావుకారు దగ్గరికి పోయాడు. "నాకేం తెల్వదు, పైనుంచి గట్లనే వచ్చింది," అని సావుకారు లోపలికి వెళ్ళిపోయాడట. మర్నాడు తాత మళ్ళీ గుంటలోకి దిగాడు. చీర నేసే చూపు లేక, చేతుల తడుముడుతో తువ్వాళ్ళు నేశాడు. బతికినన్నాళ్ళూ మల్దకల్ లో ఒక్క రాత్రి నిద్ర చేయలేదు.

తాత పెళ్ళాం, మా అవ్వ ఏడవలేదు. అంతవరకు పట్టు కట్టి ఎరగని అవ్వ ఆ చీరల్లో ఒకటి కట్టుకుని, బిందె చంకన పెట్టుకుని రోజూ సావుకారు దుకాణం ముందు నుంచే నీళ్ళకు పోయేది. చెమటకు, తడికి అంచు నల్లబడింది. ఎవరైనా అడిగితే నడి వీధిలో నిలబడి, "సావుకారు ఇచ్చిన జరీ బిడ్డా. మా ముసలోని కూడు గిదే, సూడు," అని అరిచేది.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు. మా గుంటను సిమెంటుతో పూడ్చేశారు. సావుకారు దుకాణం మాత్రం అద్దాల షోరూమై వెలిగిపోతోంది. మొన్న పెట్టెలో మిగిలిన, అవ్వ కట్టిన ఆ ఒక్క చీర కట్టుకుని అందులోకి వెళ్ళాను. గల్లా మీద కూర్చున్న సావుకారు మనవడు నల్లటి అంచు చూసి జాలిపడ్డాడు.

"మేడం, మిమ్మల్ని ఎవరో మంచిగ మోసం చేసిండ్రు. ఎక్కడ కొన్నరు?"

చీరలు చూస్తున్న ఆడవాళ్ళందరికీ వినబడేలా చెప్పాను.

"కొనలే. మీ తాత ఇచ్చిండు. మా తాత ముసలితనానికి."