రెండు స్పానర్ల పని

మరిది పోయిన దిగులుతో నాకు మతి చలించిందనీ, ఇంటి ముందున్న పాత జీపు కిందకు దూరి పడుకుంటున్నాననీ అహ్లోన్ పేటలో మన తెలుగువాళ్ళు కొందరు చెప్పుకుంటున్నారు. ఆదివారం ఆరాధన ముగిశాక ఒకరిద్దరు నా చేతులు పట్టుకుని మరీ జాలిపడ్డారు. మా మరిది ఈ వానాకాలంలో, జ్వరంతో మొదలై ఊపిరితిత్తులకు పాకిన జబ్బుతో కన్నుమూసిన మాట నిజం. నేను జీపు కింద పడుకున్న మాటా నిజమే. మతి మాత్రం ఉన్నచోటనే ఉంది. షాఫ్టు కప్లింగ్ మార్చాలంటే బండి కిందనే పడుకోవాలి. వేరే మార్గం లేదు.

అతను నా భర్తకు తమ్ముడు. రేవులో క్రేన్ల మరమ్మతు చేసి రిటైరైన మనిషి. నేను కాలేజీలో భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. నా భర్త పోయాక ఆ జీపు నా పేర మిగిలింది. అది నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు బండి. అందుకే మన వాళ్ళకు అవసరమైంది. శ్మశానాలను ఊరి వెలుపలకు తరలించాక, చివరి మైలు వానల్లో బురద తప్ప మరేమీ కాదు. అద్దె వ్యాన్ల వాళ్ళు అక్కడికి రామంటారు. అందుచేత వెనక సీట్లు పీకించి, మన వాళ్ళలో ఎవరు పోయినా శవపేటికను అందులోనే తీసుకువెళ్ళేవాళ్ళం. నడిపేది నేను. వెనక పేటిక పక్కన కూర్చునేది మా మరిది. నేను కాస్త వేగం పెంచితే చాలు, వెనక నుంచి గొంతు వినిపించేది.

"మెల్లగా పోనీ వదినా. ఈయనకేటి తొందర?"

ఆ మాటకు ఏడుస్తున్నవాళ్ళు సైతం ఒక్కోసారి నవ్వేవారు.

ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడవాటి ఇనుప షాఫ్టు ఒకటుంటుంది. దాని చివర, ఇనుముకూ ఇనుముకూ నడుమ, గుండ్రటి దళసరి రబ్బరు బిళ్ళ ఒకటి బిగించి ఉంటుంది. కప్లింగ్ అంటే అదే. బండి కదిలినప్పుడల్లా పుట్టే కుదుపును అది తనలోనే ఇముడ్చుకుంటుంది. ముసలిదైతే బోల్టు కన్నాల చుట్టూ పగుళ్ళు వస్తాయి, ఆక్సిలరేటర్ మీద కాలు వేసినప్పుడల్లా కింద దభీమని చప్పుడవుతుంది. మా మరిది ఏడాదికొకసారి ఆ పగుళ్ళ మీద వేలు పెట్టి చూసేవాడు, డాక్టరు నాడి చూసినట్టు.

ఆ పని అతను ఎన్నడూ ఒక్కడూ చేయలేదు. ఒకరు బోల్టు తలను పట్టుకోవాలి, మరొకరు అవతల నట్టు తిప్పాలి. బోల్టు తిరిగితే రబ్బరు మెలిపడుతుంది. షాఫ్టుకు అటొకరు ఇటొకరు పడుకుంటే ముఖాలు కనబడవు. అందుకని అతనిదొక పద్ధతి ఉండేది.

"పట్టావా వదినా?"

"పట్టాను."

ఆ జవాబు చెవిన పడితే తప్ప స్పానర్ కదిపేవాడు కాదు. తల ఊపినా, గొణిగినా కుదరదు. "నోటితో సెప్పాల. నీ తలకాయి నాకు అవుపడతాదేటి?" అనేవాడు. అన్నేళ్ళ పరిచయంలో మేము ఒకరి కష్టం ఒకరితో చెప్పుకున్నది తక్కువ. నా భర్త పోయిన ఏడాది అతను నన్ను పరామర్శించలేదు. కప్లింగ్ బాగానే ఉన్నా విప్పి చూద్దామని పిలిచాడు. పడుకున్నాం. అడిగాడు, చెప్పాను, మళ్ళీ బిగించాం. అది పరామర్శ అని నాకు ఇంటికి వెళ్ళాక తెలిసింది.

అంతటి జాగ్రత్తపరుడూ ఒకసారి పొరబడ్డాడు. ఈ బండిలో హేండ్ బ్రేకు చక్రాలను పట్టదు, ఆ షాఫ్టునే పట్టి ఆపుతుంది. షాఫ్టు విప్పేస్తే బ్రేకు ఉన్నా లేనట్టే. చక్రాలకు ఇటుకలు పెట్టడం ఆనాడు మరిచాడు. మేమిద్దరం చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడి ఉండగానే బండి తనంత తానుగా బయలుదేరి, వీధి వాలులో టీకొట్టు దాకా హుందాగా వెళ్ళింది. పొట్టి ముక్కాలి పీటల మీద కూర్చున్నవాళ్ళు కప్పులు చేతబట్టుకుని లేచి దారి ఇచ్చారు. బండి నీటి పీపాను ఆనుకుని ఆగింది. "దానికీ టీ పొయ్యండి. నడిసి వచ్చింది," అన్నాడు మా మరిది.

కిందటి ఎండాకాలం ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. కొత్త కప్లింగ్ దొరకడమే కష్టమైంది. బ్యాంకాక్ నుంచి వచ్చేవారి సామానులో తెప్పించాడు. అప్పటికే అతనికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. "వానలు ఎల్లనీ వదినా, అప్పుడు సేద్దుం," అన్నాడు. వానలు వెళ్ళలేదు, అతను వెళ్ళాడు. అందరినీ మోసిన జీపు కదలలేక ఇంటి ముందే ఉండగా, అతన్ని అద్దె లారీలో తీసుకువెళ్ళాం. ఆ చివరి మైలులో లారీ దిగబడింది. పేటికను భుజాల మీద మోశారు. నేను గొడుగు మూసేసి వెనక నడిచాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

భూస్థాపన ముగిసిన వారమే అతని కొడుకు వచ్చాడు. చౌక్తడా పేటలో ఆఫీసు ఉద్యోగం, మంచివాడు. నడవని బండి ఎందుకని, బోటాటౌంగ్‌లో పాత ఇనుము కొనేవాళ్ళతో మాట్లాడాననీ, శనివారం వచ్చి లాక్కుపోతారనీ చెప్పాడు. ఇంకొకరిని లారీలో పంపే శక్తి నాకు లేదు. శుక్రవారం ఉదయం చక్రాలకు ఇటుకలు పెట్టి, పాత చీర పరుచుకుని, జీపు కిందకు వెళ్ళాను. ఎదురింటావిడ దా ఖిన్ బయటికి వచ్చి, బండి కింద నా కాళ్ళు చూసి కేక పెట్టింది. పుకారు పుట్టింది అక్కడే. మరిది కొడుక్కి ఫోన్ చేసింది కూడా ఆవిడే.

వాడు టాక్సీ దిగుతూనే అరిచాడు.

"ఏటి పెద్దమ్మా ఇది! వీధంతా నవ్వుతంది. బయటికి రా!"

"నవ్వనీ. ఈ నట్టుతో బోల్టు కూడా తిరుగుతోంది. అటు వచ్చి స్పానర్ పట్టు."

"హేండ్ బ్రేక్ ఉంది గదా, ఈ ఇటుకలు ఎందుకు?"

"మీ నాన్నా ఒకసారి అలాగే అనుకున్నాడు. టీకొట్టు వాళ్ళను అడుగు."

కాసేపు వాడి బూట్లు అటూ ఇటూ తిరిగాయి. ఆపైన ఆఫీసు చొక్కాతోనే అటువైపు పడుకున్నాడు.

"పట్టావా?" అన్నాను. అవతల స్పానర్ టక్కుమంది. "నోటితో చెప్పు."

"పట్టాను పెద్దమ్మా."

నట్టు కదిలింది. రబ్బరు ఊడి నా అరచేతిలోకి వచ్చేసరికి, ఒక కన్నం దగ్గర పూర్తిగా చిరిగి ఉంది. కొత్తది అమర్చాక బిగించే పని వాడు తీసుకున్నాడు. అవతల నుంచి, అచ్చం తండ్రి గొంతుతో, "పట్టావా పెద్దమ్మా?" అన్నాడు. జవాబు చెప్పడానికి నాకు కొంచెం ఆలస్యమైంది. వాడు స్పానర్ కదపకుండా ఆగాడు. బయటికి వచ్చాక ఫోన్ తీసి, శనివారం రావద్దని ఇనుప కొట్టు వాళ్ళకు చెప్పాడు.

మర్నాడు ఒక్కదాన్నే బండి తీశాను. శ్మశానం దాకా ఎక్కడా చప్పుడు లేదు. చివరి మైలు బురదను నాలుగు చక్రాలూ మర్యాదగా దాటించాయి. మరిది సమాధి దగ్గర కాసేపు నిలబడి, తిరుగుముఖం పట్టాను. ఊళ్ళోకి వచ్చే కూడలిలో, ఎడమ పక్క నుంచి పూలబుట్టతో ఒక స్త్రీ రోడ్డు దాటుతోంది. బానెట్‌కు మూరెడు దూరంలోకి వచ్చేదాకా ఆమె నాకు కనబడలేదు. బ్రేకు పట్టింది. ఆమె బుట్ట సర్దుకుని, నా తెల్ల జుట్టు చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. బండిలో లోపం ఏమీ లేదు.

ఇంటి ముందు ఆపాక చాలాసేపు దిగలేదు. నడపడం మానమని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరినీ సలహా అడగలేదు. జీపు మన వాళ్ళకే ఉంటుంది. మరిది కొడుకు నడుపుతాడు. వాడికి ఈ సంగతి నేను రాసిన ఈ నాలుగు మాటలు చదివాకే తెలుస్తుంది. దారి నేను చూపిస్తాను. ఎత్తు చాలక డ్రైవరు సీట్లో వేసుకునే దిండును తీసి, దుమ్ము దులిపి, పక్కనున్న ఎడమ సీట్లో పెట్టి తలుపు వేశాను.