చప్పరించే మాత్ర ఏడు నిమిషాలు

మా గడియారాల మేస్త్రీకి దేన్నయినా నిమిషాల్లో కొలిచి, ఇంకోదానితో పోల్చి చూడందే తోచదు. ఎవరైనా ఆయనతో పావుగంట మాట్లాడి వెళ్తే, అందులో పనికొచ్చిన మాట ఎంతసేపో వెనకనుంచి కేకేసి చెప్పేవాడు. అలాంటి మనిషికి రాత్రిపూట ఛాతీమంట పట్టుకుందని విన్నరోజే ఎదురు మందుల షాపాయన తల పట్టుకున్నాడు.

పొద్దున్నే షట్టరు సగం లేచేసరికి కింద మేస్త్రీ చెప్పులు కనబడేవి. వెంటనే రాత్రి నివేదిక. చప్పరించే మాత్ర ఏడు నిమిషాల్లో మంట ఆర్పిందట, గంటన్నరకల్లా మంట తిరిగొచ్చి కుశలమడిగిందట. గులాబీరంగు సిరప్పు నాలుగు నిమిషాల్లోనే చల్లబరిచి, అంతకన్నా తొందరగా సెలవు తీసుకుందట. పడుకునేముందు వేసుకున్న ఫామోటిడిన్ మాత్ర గంటసేపు ఒళ్లు విరుచుకుని, ఆ తర్వాత తెల్లారేదాకా కాపలా కాసిందట. తిండికి అరగంట ముందు మింగాల్సిన ఒమెప్రజోల్ మహారాజు మూడు రోజులు ఊరకే కూర్చుని, నాలుగో రోజు కొలువుకొచ్చాడట.

ఈ ఉపన్యాసం పుణ్యమా అని మోకాళ్ల నొప్పికి మందు కొనడానికొచ్చినవాళ్లు కూడా షాపాయన్ని వదిలేసి మేస్త్రీని సలహా అడగసాగారు. పాతికేళ్లుగా మందులమ్ముతున్న మనిషికి ఇంతకన్నా గౌరవం ఇంకేం కావాలి?

అసలు బాధ అది కాదు. ఆ మంట సంగతి షాపాయనకు మేస్త్రీ కన్నా బాగా తెలుసు. పడుకుంటే గుండెల్లో కుంపటి రాజుకుంటోందని ఏడాదిగా కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. కౌంటరు కింద చప్పరించే మాత్రల డబ్బాకు ఆయన్ని మించిన గిరాకీ లేదు. నెల రోజులుగా అన్నం ముద్ద గొంతు దిగాలంటే నీళ్లతో బతిమాలాల్సి వస్తోంది. వీధి మొత్తాన్నీ డాక్టరు దగ్గరికి తరిమే ఈ మహానుభావుడు, తన వంతు వచ్చేసరికి డాక్టరు నోట ఏ మాట వినాల్సి వస్తుందోనని వణికి, ఎవరడిగినా తనకేం లేదని బుకాయించేవాడు.

ఒకరోజు మేస్త్రీ కొత్త పోలిక పట్టుకొచ్చాడు.

"తమ్ముడూ, ముద్ద గొంతులో అడ్డం పడుతుంటే సిరప్పు మంచిదా, మాత్ర మంచిదా?"

షాపాయన చేతిలో చీటీ ఆగిపోయింది. అయినా నోరు అలవాటుగా తన ఉద్యోగం తాను చేసింది. "రెండూ కాదన్నయ్యా. వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. గొట్టం వేసి చూస్తారు."

"నాన్చితే?"

"నాన్చేవాడు మూర్ఖుడు."

తనకు ఒంటరిగా వెళ్లాలంటే భయమనీ, తోడు రమ్మనీ మేస్త్రీ బతిమాలాడు. మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. నర్సు పిలిచింది షాపాయన పేరు.

"నా పేరు రాయించావేంటి?"

"గొంతు నీదే కదా మరి. పొద్దున్నుంచి మధ్యాహ్నంలోపు ఎనిమిది మాత్రలు చప్పరిస్తావు. నా కొట్లోంచి చూస్తే నీ దవడలు తప్ప ఇంకేం కనబడవు."

"మరి నీ మంట?"

"నాకు గులకరాళ్లు పెట్టినా అరుగుతాయి. ఆ మంటా, ఆ నిమిషాలూ అన్నీ మా బావమరిదివి, పాపం. నీ ఒంట్లో ఎలా ఉందంటే మాట మార్చేస్తావు. నా ఒంట్లో బాగాలేదంటే గంటసేపు కూర్చోబెట్టి చెబుతావు. ఇంకెలా అడగను?"

షాపాయన ఎన్ని తిట్లు వెతుక్కున్నాడో తెలియదు. చివరికి "భయంగా ఉందన్నయ్యా" అన్నాడు. మేస్త్రీ ఆయన చెప్పులు తీసి పక్కన పెట్టి లోపలికి నడిపించాడు.

అన్నవాహిక కింది కొసన పుళ్లు పడ్డాయనీ, రెండు నెలలు మందు వాడితే మానతాయనీ, అంతకుమించి భయపడాల్సింది కనబడలేదనీ డాక్టరు చెప్పాడు. బావమరిది నిమిషాలు ఒక్కసారైనా అడగలేదని మేస్త్రీ ఆ డాక్టరు మీద ఇప్పటికీ గుర్రుగానే ఉన్నాడు.

మూడో వారంలో షాపాయన భార్య ఎర్రటి కళ్లతో గడియారాల కొట్టుకి వచ్చింది. ఆయన మంచమెక్కి వెల్లకిలా పడుకుంటున్నాడనీ, ఆ గురకకు గోడలదురుతున్నాయనీ, ఏ మందు మంచిదో కాస్త పోల్చి చెప్పమనీ అడిగింది.

"దానికి మాత్రం నేను మందు వెతకనమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఆ చప్పుడు కోసమే కదా ఇంత తిరిగింది."