మిరపకల్లంలో కెమెరా

మా బావ ఇమ్మానియేలు ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అన్నం తింటూ మధ్యలో లేచి వీధిలోకి వెళ్లొస్తాడు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటే ఆయన కాళ్లు ఊపుతుంటాడు. మార్టూరులో పెళ్లి వీడియోలు తీయడం ఆయన వృత్తి. పాత సినిమా కెమెరాలు, అంటే లోపల ఫిలిం ఎక్కించి తాళం తిప్పితే నడిచే రకం, ఊరూరా వెతికి తెచ్చుకోవడం ఆయన పిచ్చి. వృత్తి మా అక్క జెస్సీకి అన్నం పెడుతోంది, పిచ్చి ఆమె ప్రాణం తీస్తోంది. బీరువాలో కెమెరాలుంటాయి, చీరలు మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంటాయి.

కెమెరా దొరికితే ఆయన ముందు దాని మీది పేరు చూడడు. చేత్తో బరువు చూస్తాడు. తాళం తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఆ గిరగిర చప్పుడు విని ఏ కంపెనీదో, ఏ కాలంనాటిదో చెబుతాడు. ప్రతిసారీ నిజమవుతుందని కాదు. చీమకుర్తి పాత ఇనుము కొట్టు నుంచి ఒకసారి తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది తీరా చూస్తే క్వారీలో సర్వే చేసే దుర్బిణి. ఆ సంగతి నేను ఇప్పటికీ ఎత్తుతుంటాను. బావమరిదిగా అది నా హక్కు.

పోయిన ఫిబ్రవరిలో పొదిలి దగ్గర పల్లెలో ఆదెమ్మ అనే ముసలామె దగ్గర అలాంటి కెమెరా ఉందనీ, లోపల కడిగించని ఫిలిం కూడా అలాగే ఉందనీ కబురొచ్చింది. వెంటనే నా దాణా కొట్టు మూయించి నన్ను బండెక్కించాడు.

"రేపు పోదాం బావా, బేరాల టైము," అన్నాను.

"ఈలోగా ఎవడైనా పట్టుకుపోతే నువ్వు తెచ్చిస్తావా? ఎక్కు."

ఆ పల్లె బయట యలమందయ్య అనే రైతు కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తెల్లబడిన తాలుకాయలను ఆడవాళ్లు ఏరుతున్నారు. ఒక మూల గోనెపట్టా మీద ఎవరివో దుప్పట్లు, పాత బైబిలు ఎండకు పెట్టి ఉన్నాయి. వాటి పక్కన నల్లటి కెమెరా, మూత బార్లా తెరిచి ఉంది.

బావ బండి నా మీద పడేసి పరుగెత్తాడు. చెప్పులతోనే కాయల మీద పరుగెత్తాడు. మా వైపు కల్లంలో చెప్పుకాలు పెట్టడమంటే అన్నం కంచం తొక్కినంత తప్పు.

"ఒరేయ్, ఎవడ్రా నువ్వు? చెప్పులిప్పు ముందు," అని యలమందయ్య అరిచాడు.

బావకు వినపడలేదు. చొక్కా విప్పి కెమెరా మీద కప్పేశాడు. నేను నా చెప్పులు విడిచి, కనపడిన వాళ్లందరికీ దణ్ణాలు పెడుతూ వెనకాలే వెళ్లాను.

"దీన్ని తెరిచిందెవరమ్మా?" అని ఆయన అడిగాడు.

"నేనేనయ్యా," అంది తాలు ఏరుతున్న ఒక ముసలామె. ఆమే ఆదెమ్మ. "ఏటా కాయలు ఎండేసినప్పుడు పెట్టెలో సామానంతా తెచ్చి ఎండేస్తా. మూసిపెడితే చెమ్మ పట్టదూ? లోపల్దాకా ఎండ తగలాలని మూత తీస్తా."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. కడగని ఫిలింకి వెలుతురు తగిలితే దాని పని అయిపోయినట్టేనని నాక్కూడా తెలుసు. ఈమె ఏటా ఎండబెడుతోంది, అదీ మా పొదిలి ఎండలో.

"ఇందులో ఏముందో తెలుసా అమ్మా?"

"మా ఫెబా ఉంది."

ఆదెమ్మ వయసులో ఉండగా మిషను బంగళాలో వంట చేసేది. నాలుగేళ్ల కూతురు ఫెబా ఆవరణలో ఆడుకుంటుంటే అక్కడి దొరసాని ఈ కెమెరాతో తీసింది. ఆ వేసవిలోనే తట్టు వచ్చి పిల్ల పోయింది. దొరసాని తన దేశం వెళ్లిపోతూ కెమెరాను తల్లి చేతిలో పెట్టింది. పిల్లది ఫోటో ఒక్కటి కూడా లేదు.

"మొహం మర్చిపోయా నాయనా," అంది ఆదెమ్మ, చేతిలోని కాయ వదలకుండానే. "జుట్టు గుర్తుంది. చేతులు గుర్తున్నాయి. మొహమే రావట్లా. ఒక్కసారి చూపించు, ఆ పెట్టె నువ్వే ఉంచుకో."

ఈ కెమెరాల్లో రెండు రకాలట. ఒకదాంట్లో ఫిలిం చుట్ట బయటికే ఉంటుంది, మూత తీస్తే పోయినట్టే. రెండోదాంట్లో ఫిలిం చిన్న రేకు డబ్బాలో బిగించి ఉంటుంది, మూత తీసినా డబ్బా లోపలికి వెలుతురు పోదు. పైకి చూస్తే రెండూ అక్కచెల్లెళ్లలాగే ఉంటాయి.

"చొక్కా తీసి చూడొచ్చుగా," అన్నాను.

"చుట్టయితే? అడుగున ఏ కాస్తో మిగిలుంటే అది కూడా పోద్ది."

ఒక చెయ్యి కాయల మీద ఆనించి, రెండోది చొక్కా కింద దూర్చి తడిమాడు. కల్లంలో అందరూ పని ఆపి చూస్తున్నారు.

"రేకు," అన్నాడు. "సాల్మన్, రేకు డబ్బారా."

అని, కాయల మీద ఆనించిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. ఇక చూడాలి మా బావ గెంతులు. యలమందయ్యే చెంబుతో నీళ్లు తెచ్చి మొహం మీద కొట్టాడు. "కడుక్కోవయ్యా, చెప్పుల సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

వెలుతురు తగలకపోయినా ఇన్నేళ్ల వేడి తగిలింది. లోపల ఏమన్నా మిగిలిందో లేదో కడిగితే గానీ తెలియదు. కెమెరాను ఆదెమ్మ దగ్గరే ఉంచి, ముంబైలో పాత ఫిలిం కడిగేవాళ్లకు డబ్బా ఒక్కటే పంపాడు. వాళ్లు ఆశ పెట్టుకోవద్దనే చెప్పారు.

అప్పట్నుంచి మా బావతో వేగడం మనిషన్నవాడి వల్ల కాలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు, మోగకపోతే తీసి చూసేవాడు. అద్దంకిలో ఒక పెళ్లిలో సరిగ్గా ఉంగరాలు మార్చుకునే సమయానికి ఫోను చూసుకుంటూ ఆ ముక్క తీయడం మర్చిపోయాడు. పెళ్లికూతురి తండ్రి చేత చీవాట్లు తిన్నాడు, మర్నాడు మళ్లీ ఉంగరాలు తొడిగించి తీశాడు. పని లేని రోజున పొదిలి వెళ్లి ఆదెమ్మ గుమ్మంలో అటూ ఇటూ తిరిగేవాడు. "నన్ను కూడా కంగారు పెడుతున్నావు, పోయి నీ పని చూసుకో నాయనా," అనేదట ఆమె.

ఎండాకాలం ముగిసేసరికి ముంబై నుంచి ఆ ఫిలిం వీడియోగా వచ్చింది. చాలావరకు పోయిందనీ, చివర్లో కాస్త ఉందనీ రాశారు. మా బావ దాన్ని తెరవలేదు. నమ్మండి, అన్నం ఉడికేదాకా ఆగలేని మనిషి ల్యాపుటాపు ఒళ్లో పెట్టుకుని మార్టూరు నుంచి పొదిలి దాకా బండి మీద నా వెనక నోరు మెదపకుండా కూర్చున్నాడు. "చూడొచ్చుగా బావా," అంటే, "ముందు ఆవిడ చూడాలి," అన్నాడు.

ఆదెమ్మ ఇంట్లో తలుపు దగ్గరేసి ఆమె ముందు పెట్టాడు. తెర మీద ముందంతా తెల్లటి పొగ. తర్వాత బంగళా మెట్లు. తర్వాత గౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల కోడి వెనకాల పరుగెడుతూ కనిపించింది. వీపు మాత్రమే. అలా దూరంగా పోతూ పోతూ ఠక్కున ఆగి, వెనక్కి తిరిగింది. మొహం ఒక్క క్షణం కనిపించగానే మళ్లీ పొగ కమ్మేసింది.

ఆదెమ్మ తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. "మళ్లీ పెట్టు," అంది.

మళ్లీ పెట్టాడు. మెట్లు, కోడి, వీపు. పిల్ల దూరంగా పోతోంది.

"ఫెబా," అని పిలిచింది ఆదెమ్మ. గట్టిగా కాదు, అన్నానికి పిలిచినట్టు.

పిల్ల ఆగి వెనక్కి తిరిగింది.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు దొరసాని పక్కన నిలబడి పిలిచింది నేనే," అంది ఆమె. "అటు కంచె ఉంది, ముళ్లు గుచ్చుకుంటాయని పిలిచా. ఇది అమ్మా అంటా తిరిగింది. మళ్లీ పెట్టు నాయనా."

బావ పెడుతూనే ఉన్నాడు. కెమెరా ఆదెమ్మ ఇంటి గూట్లోనే ఉంది, దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఆదెమ్మ పిలిచినప్పుడల్లా ఆ పిల్ల ఆగి, వెనక్కి తిరిగి అమ్మ వైపు చూస్తోంది.