దొర పళ్లు తీసి తిన్న పుడ్డింగు

నా తల మీద ఒట్టు, రోజూ తినే సంగటి మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నమ్మనివాళ్లు నిడుగల్లు కొండనడగండి. అది నాకంటే పెద్దది, అబద్ధమాడదు.

ఆ కొండ కింద సర్కారు బంగళాలో మా అక్క మొగుడు వంటవాడు. ఒక దసరాకు బెంగళూరు నుంచి ముసలి దొర, దొరసాని వచ్చి దిగారు. తాలూకా అధికారి అమల్దారు వాళ్లకు మధ్యాహ్నం విందు ఏర్పాటు చేశాడు. బల్ల మీద తెల్లగుడ్డ, పింగాణీ పళ్లేలు, నెమళ్లలా మడిచిన చేతిగుడ్డలు, గుమ్మానికి బంతిపూలు. వడ్డనకు నన్ను పిలిపించి జరీ పాగా చుట్టారు, చేతులకు తెల్ల తొడుగులు వేశారు. నా పెళ్లిలో కూడా నేనంత అందంగా లేను.

పొద్దున్నే అమల్దారు వంటింటి గుమ్మంలో నిలబడి బావతో అన్నాడు: "కడపట పుడ్డింగు లేకుంటే దొరలకు భోంచేసినట్టే కాదంట. అది చెడిందంటే రేపట్నుంచి ఈ వంటిల్లు వేరేవాడిది. తెలిసిందా?"

బావకు బాగా తెలిసింది. ఉన్న చేను వానల చేతిలో ఉంది. మా అక్క పొయ్యి వెలిగేది ఈ బంగళా పొయ్యి వల్లే. గుడ్లు, పాలు, చక్కెర కలిపి, పువ్వు అచ్చులో పోసి, ఆవిరికి ఉడికించి, చల్లారడానికి కిటికీలో పెట్టాడు. అచ్చం జున్నులా వణుకుతోంది.

అప్పుడే వచ్చింది పిల్లి. ఒంటికన్ను, సగం తోక, గండుపిల్లి. నేను "ఛీ పో" అనేలోగా అచ్చంతా నాకేసి, మీసాలు తుడుచుకుని దూకి పోయింది.

బావ పరుగెత్తుకొచ్చి, ఖాళీ అచ్చు చూసి కూలబడ్డాడు. "రేయ్, కాపలా పెట్టింది నిన్నే గదరా! ఏం జేస్తాంటివి?"

"నేను చెప్తే పిల్లి ఇంటాదా బావా?"

"నువ్వే ఎవురి మాటా ఇనవు, నీ మాట పిల్లేం ఇంటాది! గుడ్లన్నీ అయిపోయినాయి. నా బతుకూ అయిపోయింది."

అవతల విందు నడుస్తోంది, దొర మాంసం పళ్లెం ముట్టకుండానే వెనక్కి పంపాడు. ఇక పుడ్డింగే తరువాయి. పక్క పొయ్యి మీద మా ఇద్దరి కోసం గెలికిన రాగిసంగటి ఉంది.

"బావా, అచ్చు ఉండాది. సంగటీ ఉండాది."

"పిచ్చి పట్టినాదా? దొరకు సంగటా?"

"దొరకు నోరు లేదా ఏంది?"

వేడి సంగటిని అచ్చులో అదిమి పళ్లెంలో బోర్లించాం. మీద బెల్లం పాకం, నెయ్యి, వేయించి దంచిన చెనక్కాయ గింజలు. పువ్వు నిగనిగలాడింది.

దొర కత్తి పెట్టాడు. కత్తి దిగింది, బయటికి రాలేదు. చెంచాతో ఎలాగో ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు, నమిలాడు, దవడలు ఆగిపోయాయి. తలుపు వెనక బావ కళ్లు మూసుకున్నాడు. అమల్దారు ముక్కుపుటాలు కదిలాయి. పుట్టినప్పట్నుంచి తిన్న ముద్ద వాసన ఆయనకు తెలియదా!

నేనే ముందుకు దూకాను. "నమలకూడదు సామీ, మింగాల! ఇది పండ్లతో పనిలేని తిండి!" తొడుగు విప్పి, ఒక ముక్క పాకంలో దొర్లించి గుటుక్కున మింగి చూపించాను. అమల్దారు ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాడు.

దొర నన్ను తేరిపార చూశాడు. నోట్లో చెయ్యి పెట్టి, కట్టుడు పళ్లు పాకంతో సహా ఊడబెరికి, నెమలి చేతిగుడ్డలో చుట్టాడు. ఒక ముద్ద మింగాడు. ఇంకొకటి. మాంసం ముట్టని మనిషి పువ్వు మొత్తం మింగేశాడు. దొరసాని నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

దాని పేరేమిటని దొర అడిగితే "నిడుగల్లు పుడ్డింగు" అన్నాను.

అమల్దారు వంటింట్లోకి వచ్చి బావ భుజం తట్టాడు. "వంటిల్లు నీదేలేప్పా. అడుగంటింది ఏమన్నా ఉంటే నాకు పెట్టు."

ఒట్టు వేశాను గనక ఒకటి ఒప్పుకోవాలి. పళ్లు నిజం, కత్తి నిజం. పిల్లి మాత్రం నా కల్పన. ఆ పూట వంటింటికి ఏ పిల్లీ రాలేదు. పుడ్డింగు ఉడికిందో లేదోనని అంచున ఒక చెంచా తిన్నాను. అటు వంకర పోయిందని ఇటు ఒకటి తిన్నాను. సరిచేస్తూ పోతే చివరికి అచ్చు మిగిలింది. బావకు చదువు రాదు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను. ఈనాటికీ పిల్లి కనబడితే ఆయన కట్టె అందుకుంటాడు. నేను అడ్డం పడి, "పోనీలే బావా, దానికీ ఆకలే గదా" అంటాను.