సరోజత్త సెంటు

మా చిన్నప్పుడు... పెళ్ళంటే చాలు, గుమ్మంలో పన్నీటి బుడ్డి పట్టుకునే హోదా ఎవరిదా అని పిల్లలం కొట్టుకు చచ్చేవాళ్ళం. ఎనభైల చివర్లో మా లలితక్క పెళ్ళికి రేపల్లె నుంచి అందరం తెనాలి సత్రంలో దిగాం. ఆ బుడ్డి నా చేతికొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు. పట్టు పరికిణీ, రెండు జడలు, ఒళ్ళంతా పొగరు.

ముందురోజు మధ్యాహ్నం పన్నీరు సీసా మూత తీస్తే ఉత్త నీళ్ళు... వాసనే లేదు. మా సరోజత్త నవ్వి, తన సంచిలోంచి చిన్న సెంటు సీసా తీసింది.

సరోజత్త మా నాన్నకి చెల్లెలు. మావయ్య పోయి అప్పటికి మూడేళ్ళు. బాపట్లలో టైపు నేర్పుతూ ఒక్కతే ఉండేది. అక్క ఇంటర్ చదివిన రెండేళ్ళూ అత్త దగ్గరే... రోజూ జడ వేసి, క్యారేజీ కట్టి పంపింది ఆవిడే. ఆ సెంటు కూడా అక్క పెళ్ళికనే మద్రాసు వెళ్ళినవాళ్ళతో తెప్పించింది.

ఆ వాసన ఇప్పటికీ చెప్పగలను. ముందు ఆపిల్ పండు కోసినట్టు తియ్యగా... వెనకాలే సన్నజాజులు. కొన్ని అత్తర్లు దూరం నుంచే దర్పం చూపిస్తాయి. ఇది అలా కాదు... పక్కింటి పిన్నిలా చనువుగా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎవరు రాసుకున్నా వాళ్ళదే అనిపిస్తుంది.

సీసా మొత్తం బుడ్డిలో ఒంపేసింది. "నీకో చుక్కైనా ఉంచుకో అత్తా" అన్నాను.

"నాకెందుకే... రేపు గుమ్మంలో నువ్వు చల్లవూ?"

"రెండుసార్లు చల్లుతా!" అని చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. అత్త ఎంత మురిసిపోయిందో! మావయ్య పోయాక ఆవిడని ఏ పెళ్ళికీ ఎవరూ పిలవలేదని నాకప్పుడు తెలీదు.

పొద్దున్నే నానమ్మ నన్ను పక్కకి లాగింది. "సరోజ మీద చల్లేవు, జాగ్రత్త! శుభమా అని పెళ్ళి జరుగుతుంటే... మగపెళ్ళివారు చూస్తే ఏమనుకుంటారు? దాన్ని వంటవైపు నుంచి రమ్మను."

ఈ మాటన్నది అత్తని కన్నతల్లి.

నేను రెండు చుక్కలు చల్లేసి ఊరుకోవచ్చు. ఎవరు చూడొచ్చారు? కానీ నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది.

సత్రంలో చోటు చాలక అత్త రాత్రి స్నేహితురాలింట్లో పడుకుంది. పొద్దున లేత నీలం చీర కట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఆగి, కళ్ళు మూసుకుని, మొహం కాస్త ముందుకు వంచింది. వెనకే మగపెళ్ళివారు. నేను తగుదునమ్మా అని బుడ్డి వీపు వెనక దాచేసి, అందరికీ వినబడేలా అన్నాను...

"నీకు చల్లకూడదంట! నువ్వు వంటవైపు నుంచి రావాలంట!"

ఎవరో కిసుక్కుమన్నారు. అత్త కళ్ళు తెరిచింది. "అలాగేనమ్మా... బుడ్డి రెండు చేతుల్తో పట్టుకో, ఒలికిపోద్ది" అని మెట్లు దిగి, సత్రం చుట్టూ తిరిగి వెళ్ళింది.

ఆవిడ వెనక వచ్చినవాళ్ళందరి మీదా చల్లాను. ఆవిడ సెంటే.

మండపమంతా అదే వాసన. వియ్యపురాలు "ఏం సెంటండీ, ఎంత బాగుందో!" అంటే, నానమ్మ తడుముకోకుండా "మావాడు మద్రాసు నుంచి తెప్పించాడండి" అంది. నాన్న పక్కనే ఉండి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని నేను, ఆ ఒక్కటి మాత్రం భలే దాచాను.

అక్షింతల వేళ అక్క పీటల మీద నుంచే అత్త కోసం నాలుగు వైపులా చూసింది. అప్పటికే అత్త బాపట్ల బస్సెక్కేసింది.

తొంభైల చివర్లో నా పెళ్ళికి స్వయంగా వెళ్ళి పిలిచాను. "ఈసారి నీ మీద నేనే చల్లుతా అత్తా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. "పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడకూడదే పిచ్చిదానా" అని నవ్వింది. రాలేదు. పోయేదాకా మా ఏ శుభకార్యానికీ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో పన్నీరు చల్లడానికి మిషన్లు వచ్చాయి... ఎవరొచ్చినా బుస్సుమని ఒకేలా చల్లేస్తాయి. వాటికి నానమ్మలు ఉండరు. ఆ రోజు నా బదులు అక్కడ ఒక మిషనున్నా బాగుండేది.

మీరూ చిన్నప్పుడు ఏదో ఒక పెళ్ళిలో ఆ బుడ్డి పట్టుకునే ఉంటారు... ఎవరి ముందు చెయ్యి వెనక్కి తీసుకున్నారు? సిగ్గుపడకుండా చెప్పండి. నేను చెప్పానుగా.